సీటుకు ఆనుకున్న నడుము

ఆ సోమవారం ఉదయం ఐదూ నలభైకి మా అమ్మ మజ్జిగ చిలకడానికి కూర్చుంది. రోజూ చేసే పనే. గుంజకు కట్టిన కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని, ఒకటి లాగుతూ ఒకటి వదులుతూ ఉంది. మా అన్న గడప మీద కూర్చొని చూస్తున్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు గానీ గుండీలు పెట్టుకోలేదు. ఆరున్నరకు పలమనేరు బస్సు ఎక్కాలి. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది. నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టాను. అది చల్లారిపోయింది.

అంతకు ముందురోజు, ఆదివారం, చిత్తూరులో మా అన్న నడిపే కరాటే తరగతి పోయినంత పనైంది.

మా అన్న పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి రాయమని ఎవరూ అడగలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మాటలు ఉబ్బుతాయి. చదివిన పుస్తకాల్లో ఆ ఉబ్బు నాకు నచ్చలేదు. అందుకని ఒక్క సంగతి మాత్రమే, జరిగినట్టుగా రాస్తున్నాను.

ఆయన బస్సు కండక్టరు. చిత్తూరు నుంచి పలమనేరుకు, పలమనేరు నుంచి చిత్తూరుకు. మధ్యలో మొగిలి ఘాటు, అంతా కొండ మలుపులు. ఎనభైల మొదట్లో ఆ దారిలో బస్సు ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. పాల క్యాన్లు, టమాటా గంపలు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్ళు. వారానికి ఒక్కరోజు సెలవు దొరికితే ఆయన మద్రాసు బస్సెక్కేవాడు. అక్కడ ఒక పెద్ద మాస్టరు దగ్గర కరాటే నేర్చుకున్నాడు. కొన్నేళ్ళు అలా తిరిగి గోధుమరంగు బెల్టు దాకా వచ్చాడు. నల్ల బెల్టు ఇంకొక్క మెట్టు. ఈలోగా పెద్ద మాస్టరే, మీ ఊళ్ళో నువ్వు నేర్పు, పరీక్షలు నేనొచ్చి పెడతాను అన్నాడు. ఒక బడి ఆవరణ దొరికింది. సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా నేరుగా అక్కడికి వెళ్ళేవాడు.

నేర్చుకునేవాళ్ళు ఇరవై మంది దాకా ఉండేవారు. మామిడి మండీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, కోర్టు ముందు టైపు కొట్టే ఒకతను, బంగారుపాళెం నుంచి మా అన్న బస్సులోనే వచ్చి పోయే పాలకేంద్రం కుర్రాడు. ముగ్గురు ఆడపిల్లలం. నేను అప్పుడు తిరుపతిలో ఎం.ఏ. చదువుతూ శనివారం ఇంటికి వచ్చేదాన్ని. అన్న నన్ను రమ్మని అడగలేదు. "రేపు ఆరింటికి," అన్నాడు, అంతే.

కరాటే అంటే చేతులని అందరూ అనుకుంటారు. మేమూ అనుకున్నాం. మొదటిరోజే ఆయన ఆ మాట తీసేశాడు.

"చెయ్యి టికెట్టు ఇస్తాదంతే. బస్సును నడిపేది నడుము," అన్నాడు.

తర్వాత చేసి చూపించాడు. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక. వెనక మడమ నేలను తొక్కుతుంది. ఆ తొక్కు మోకాలి మీదుగా తుంటికి చేరి, కుడి తుంటి ముందుకు తిరుగుతుంది. దాని వెంట భుజం, భుజం వెంట మోచెయ్యి, అన్నిటికంటే చివర పిడికిలి. అదే సమయంలో ముందున్న ఎడమ చెయ్యి వెనక్కి వచ్చి నడుము పక్కన చేరాలి. వరస తప్పి చెయ్యి ముందు వెళ్ళి నడుము తర్వాత వస్తే, అది తొయ్యడమే గాని గుద్దడం కాదు. మనిషి జరుగుతాడు, దెబ్బ తగలదు.

దెబ్బను అడ్డుకునేటప్పుడు ఇదే పని తిరగబడుతుంది. ముందు చెయ్యి అడ్డం వస్తుంటే నడుము పక్కకు మళ్ళి ఒంటిని సగం దాచేస్తుంది. అలా మళ్ళిన నడుమే వెనక చేతి గుద్దుకు బిగించి పెట్టిన స్ప్రింగు. అడ్డుకోవడమూ గుద్దడమూ రెండు పనులు కావని, నడుము ఒకసారి పోయి రావడమేనని నాకు అర్థమైన రోజు చాలా సంతోషించాను. ఎదురుగా తన్నే తన్నులో నడుము తిరగదు, ముందుకు వస్తుంది. పక్కనుంచి చుట్టి తన్నేటప్పుడు నడుముతో పాటు నిలబడిన కాలి పాదమూ తిరగాలి, లేకపోతే మోకాలు చెడుతుంది. ఎందులోనైనా నియమం ఒకటే. నడుము తిరగవచ్చు, ముందుకు రావచ్చు. పైకి లేవకూడదు, పక్కకు ఒరగకూడదు.

నియమం చెప్పింది ఆయనే. చెప్పి, "నన్ను సూడండి," అనేవాడు. మేము చూసేవాళ్ళం. ప్రహరీగోడ మీద చేతులు పెట్టుకొని దారిన పోయేవాళ్ళు కూడా చూసేవాళ్ళు. ఆయన గుద్దితే చొక్కా చెయ్యి టప్పుమని చప్పుడు చేసేది. మాకు ఆ చప్పుడు కావాలి. అందుకని ఆయన ఎలా చేస్తే అలా చేసేవాళ్ళం, ఒక్క వెంట్రుక తేడా రాకుండా.

ఆ ఆదివారం పెద్ద మాస్టరు మద్రాసు నుంచి వచ్చాడు. ముందురోజు తిరుపతి తరగతి చూసి చిత్తూరు చేరాడు. ఆయన రాకలో మాకు తెలిసిన పని పరీక్ష. తెలియని పని ఇంకొకటి ఉందని ఆయన కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. చిన్న ఊళ్ళలో తరగతులు ఎక్కువయ్యాయని, బాగాలేని వాటిని తీసేసి పక్క ఊరి దానిలో కలుపుతున్నామని చెప్పాడు. చిత్తూరు తరగతి పోతే పిల్లలు తిరుపతికి వెళ్ళాలి. అంటే ఎవరూ వెళ్ళరు. మండీలో మూటలు మోసేవాడి కొడుకు వారం వారం బస్సెక్కి తిరుపతి పోడు. ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు. మా అన్న ముఖం వైపు చూశాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు.

అందరం వరసల్లో నిలబడి వెనక చేతి గుద్దు మొదలుపెట్టాం. పెద్ద మాస్టరు కాసేపు చూసి చెయ్యి ఎత్తాడు. లేచి మా వరసల మధ్య నడిచాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ ఆపాడు.

"ఏంప్పా, ఈ ఊర్లో అందరికీ ఎడంపక్క గోడ ఉండాదా?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"గుద్దేదానికి ముందర అందరూ ఎడమ తుంటి పక్కకు పెడతా ఉండారే, దేనికి? ఆనుకునేదానికి ఆడ ఏముండాది?"

ఒకరి నడుము ఒకరం చూసుకున్నాం. నిజమే. గుద్దు మొదలయ్యే ముందు అందరి ఎడమ తుంటీ కొంచెం పక్కకు జరుగుతోంది. ఎంతోకాదు, బొటనవేలి మందం. జరిగాక గాని కుడి తుంటి తిరగడం లేదు. ఇరవై మందిమీ ఒకే తప్పు, ఒకే కొలతలో చేస్తున్నాం.

వెనక వరసలో నుంచి పాలకేంద్రం కుర్రాడు గట్టిగానే అన్నాడు. "సార్, అది సీటు సార్!"

"ఏం సీటు?"

"బస్సులో సీటు సార్. మా మాస్టరు టికెట్టు కొట్టేటప్పుడు ఎడంపక్క సీటుకు ఇట్ట ఆనుకుంటాడు సార్. ఆనుకున్నాకనే చేతులు ఆడిస్తాడు. నేను దినామూ సూస్తా కదా సార్."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్ద మాస్టరు కూడా నవ్వాడు. ఆ కుర్రాడికి తాను ఏమన్నాడో అప్పుడు తెలిసినట్టుంది, తల దించుకున్నాడు. నవ్వనివాళ్ళం మేమిద్దరమే, అన్నా నేనూ.

ఘాటు రోడ్డు మీద కండక్టరు రెండు చేతులతోనూ పని చేయాలి. ఒక చేతిలో టికెట్లు, ఒక చేతిలో చిల్లర. కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని కాళ్ళు ఎడంగా పెట్టి, తుంటిని సీటు అంచుకు ఆనిస్తాడు. మలుపులో బస్సు ఎటు ఒరిగినా ఆ ఆనిక మీదే నిలబడతాడు. ఏళ్ళ తరబడి అలా నిలబడ్డ ఒంటికి, చేతులతో ఏ పని చేయాలన్నా ముందు సీటును వెతుక్కోవడం అలవాటైపోయింది. ఆ సంగతి మా అన్నకు తెలియదు. మేము ఆయన గుద్దును నేర్చుకుంటున్నాం అనుకున్నాం. గుద్దుతో పాటు పలమనేరు బస్సును కూడా నేర్చుకున్నాం.

పెద్ద మాస్టరు ఆయన్ని ముందుకు పిలిచి చేయమన్నాడు. చేశాడు. తుంటి జరిగింది. మళ్ళీ చేయమన్నాడు. ఈసారి జరగకూడదని ఒళ్ళంతా బిగించి చేశాడు. అయినా జరిగింది, చొక్కా చెయ్యి చప్పుడు కూడా రాలేదు.

"నువ్వు పక్కకు పొయ్యే టైములో ఎదుటోడు నీ గుద్దు సూసేస్తాడు. సగం బలం పక్కకే పోతాది. నీది నీ ఒంటి తప్పు. వీళ్ళది నీ తప్పు," అన్నాడు పెద్ద మాస్టరు. ఆ మాటలో కోపం లేదు. "మామిడికాయల కాలం అయినాక మళ్ళా వస్తా. అప్పటికి ఈ సీటు పోవాల. పోకపోతే తరగతి తిరుపతికి."

ఇదీ ఆదివారం జరిగింది. సోమవారం ఉదయం మా అన్న గడప మీద కూర్చొని మజ్జిగ చిలకడం చూస్తున్నాడు.

"ఏమిరా, పుట్టినాక మజ్జిగ చిలికేది సూడనోడి మాదిరి సూస్తా ఉండావు?" అంది అమ్మ.

"అమ్మా, ఆ కవ్వం పక్కకు ఒరగదేం?"

"ఒరిగితే కుండ పగిలి నీ కాళ్ళ మీద పడతాది. గుంజకు కట్టిండేది దేనికి?"

"గుంజ లేకపోతే?"

"రెండు చేతులూ సమంగా ఆడితే కొంచేపు నిలబడతాది. ఒక చెయ్యి ఎక్కువ గుంజితే పాయ. పొద్దన్నే ఏం అడుగుడు ఇది? కాఫీ తాగు."

ఆయన కాఫీ తాగలేదు. భుజం మీది తువ్వాలు తీశాడు.

"పాపా, ఇట్ట వచ్చి నిలబడు. గుద్దేదానికి నిలబడినట్టు."

నిలబడ్డాను. తువ్వాలును నా తుంటి ఎముకల మీదుగా ముందు నుంచి వేసి, రెండు కొసలూ వెనక పట్టుకున్నాడు. ఎడమ కొస లాగి, కుడి కొస వదిలాడు. నా కుడి తుంటి దానంతట అదే ముందుకు తిరిగింది. నేను చెయ్యి కదిలించకుండానే చెయ్యి బయల్దేరింది. మళ్ళీ వెనక్కి లాగాడు. తుంటి తిరిగి వచ్చింది. ఇంకోసారి నన్నే చేయమన్నాడు. ఎడమ తుంటి పక్కకు పోయింది.

"ఆగు. కొస వదులైంది. నా చేతికి తెలిసింది," అన్నాడు. "ఒరిగినావంటే నాకు చేతికే తెలస్తాది. కళ్ళతో సూడాల్సిన పని లేదు."

"పెండ్లికావాల్సిన పిల్లను కవ్వం చేసినావేమిరా!" అంది అమ్మ, చిలకడం ఆపకుండానే.

ఆ రోజు నుంచి తరగతి మారింది. ప్రతివాడూ ఇంటి నుంచి ఒక తువ్వాలు తెచ్చుకోవాలి. జతలుగా నిలబడాలి. ముందువాడు గుద్దుతాడు, వెనకవాడు కొసలు పట్టుకుంటాడు. లాగడం, వదలడం, కొస వదులైతే చెప్పడం. వెనక నిలబడటం ముందు నిలబడటం కంటే కష్టమని తొందరగానే తెలిసింది. ఇంకొకరి ఒరుగుడు చేతికి తెలియడం మొదలయ్యాక, మన ఒరుగుడు మన నడుముకు తెలుస్తుంది. అదీ ఆ తువ్వాలు చేసిన పని.

ఊళ్ళో పేరు కూడా మారింది. టీ అంగడి ముందు నుంచి పోతుంటే వినపడేది. "యాడికబ్బా, మజ్జిగ చిలకనా?" "కరాటే మాస్టరు పోయి కవ్వం మాస్టరు అయినాడంట." మా అన్న ఆగి జవాబు చెప్పేవాడు. "వెన్న పడినాక నీకూ పెడతాలే అప్పా."

పిల్లల నడుములు నెమ్మదిగా నిలబడ్డాయి. ఆయనది నిలబడలేదు. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఇంటి వెనక నన్ను కొసలు పట్టుకోమనేవాడు. సెలవు రోజు పొద్దున బాగానే ఉండేది. డ్యూటీ చేసిన సాయంత్రం పట్టుకుంటే ఎడమ కొస ప్రతిసారీ నా చేతిలో వదులయ్యేది. నేను చెప్పేదాన్ని. ఆయన మళ్ళీ చేసేవాడు. ఒక సాయంత్రం తానే తువ్వాలు తీసి మడిచాడు.

"ఇది పోదు పాపా. మనకు కూడు పెట్టేది ఈ ఒరుగుడే. పొద్దన నేను దీన్ని వదిలిపెడితే మొగిలి ఘాట్లో కింద పడతా."

"మరి తరగతి?"

"నేను సేసి సూపించను. అంతే కదా. సూసినారు కాబట్టి నేర్చుకున్నారు. సూడకపోతే రాదు."

అంత తేలిగ్గా అన్నాడు గానీ, ఆ మాట ఆయనకు ఎంత బరువో నాకు తెలుసు. ఆయన గుద్దు చూడటానికే జనం గోడ దగ్గర ఆగేవాళ్ళు. చొక్కా చెయ్యి చప్పుడు వినే కుర్రాళ్ళు చేరేవాళ్ళు. మరునాటి నుంచి ఆయన పిల్లల వెనక నిలబడటం మొదలుపెట్టాడు. మాటతో చెప్పేవాడు, చేత్తో తుంటిని సరిచేసేవాడు, కొసలు పట్టుకునేవాడు. వాళ్ళ ముందు నిలబడి ఒక్క గుద్దు కూడా గుద్దలేదు. కొత్తగా చేరిన ఒకతను, "మీ మాస్టరుకు కరాటే వచ్చునా, రాదా?" అని పాలకేంద్రం కుర్రాణ్ణి అడిగాడు. "వచ్చు గానీ సూపించడు. సూపిస్తే మనకు అంటుకుంటాదంట," అన్నాడు వాడు. అన్న విన్నాడు. నవ్వి ఊరుకున్నాడు.

మామిడికాయలు అయిపోయాయి. మండీలు ఖాళీ అయ్యాయి. పెద్ద మాస్టరు వచ్చిన రోజు సన్నగా వాన పడుతోంది. ఆయన చేతిలో పొడుగాటి గొడుగు ఉంది. వాన ఆగాక ఆవరణ తడిగానే ఉంది, అక్కడే వరసలు కట్టించాడు. తువ్వాళ్ళు తీసేయమన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, గొడుగు మొనను నేలకు ఆనించి, ఎడమ తుంటి పక్కన నిలువుగా పట్టుకున్నాడు. తుంటికీ గొడుగుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. తుంటి పక్కకు జరిగితే గొడుగుకు తగులుతుంది.

మొదట పాలకేంద్రం కుర్రాడు. గుద్దాడు. గొడుగు కదలలేదు. చొక్కా చెయ్యి టప్పుమంది. మా అన్న తర్వాత ఆ ఆవరణలో ఆ చప్పుడు అదే మొదలు. తర్వాత టైపు కొట్టే అతను. తర్వాత మండీ పిల్లలు. నా వంతు వచ్చినప్పుడు గొడుగు గురించి ఆలోచించలేదు. వెనక తువ్వాలు కొసలు పట్టుకొని అన్న ఉన్నాడనుకున్నాను. చివరి వరస దాకా ఒక్కరి నడుమూ గొడుగును తాకలేదు.

పెద్ద మాస్టరు గొడుగును చంకలో పెట్టుకొని మా అన్న వైపు తిరిగాడు.

"బాగుండాది. ఇప్పుడు నువ్వు."

మా అన్న వెనక వరస దగ్గర నిలబడి ఉన్నాడు. ముందుకు రాలేదు.

"నేను సెయ్యను సార్."

"ఏం?"

"నాది పోలేదు సార్. నేను సేస్తే వీళ్ళు సూస్తారు. సూస్తే మళ్ళా వస్తాది."

"వీళ్ళను బయటికి పంపిస్తా. నేనొక్కణ్ణే సూస్తా."

"మీరు సూసినా అదే ఉంటాది సార్. ఉండాదని నేనే చెప్తా ఉండా కదా."

పెద్ద మాస్టరు చంకలోని గొడుగు తీసి నేలకు ఆనించాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు సెయ్యకపోతే నీకు నల్ల బెల్టు ఇచ్చేదానికి నాకు దారి లేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడైనా సరే."

"తరగతి ఉంటాదా సార్?"

"ఉంటాది. ఇట్ట నేర్పేవాడి దగ్గర్నుంచి దాన్ని ఎట్ట తీసేది?"

"అయితే చాలు సార్."

ఇంతే మాట్లాడుకున్నారు. పెద్ద మాస్టరు వంగి నమస్కరించాడు, కరాటేలో సమానులకు చేసే నమస్కారం. మా అన్న అంతకంటే కిందికి వంగాడు. తర్వాత ఎప్పటిలాగే పిల్లలను తిట్టడం మొదలుపెట్టాడు, తువ్వాళ్ళు తడినేల మీద పారేశారని.

ఆయన ఉద్యోగం ఉన్నంతకాలం ఆ తరగతి నడిపాడు. ఉద్యోగం అయ్యాక కూడా నడిపాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నల్ల బెల్టు కట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. పరీక్షల రోజుల్లో వాళ్ళ పక్కన గోధుమరంగు బెల్టు కట్టుకొని నిలబడేవాడు. కొత్తవాళ్ళు చూసి ఆయనే శిష్యుడనుకునేవాళ్ళు. దిద్దేవాడు కాదు. నేను దిద్దబోతే కళ్ళతో వద్దనేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడూ ఉంది. ఆ మాట దాచుకోవడానికి కారణం కనపడదు.

ఆ ఒరుగుడు మాత్రం ఆయనతోనే ఉంది. వయసు మీదపడ్డాక వంటింట్లో నిలబడి కాఫీ వడపోసుకునేటప్పుడు ఎడమ తుంటి గట్టు అంచును వెతుక్కునేది. దొరికాక గాని చేతులు పని మొదలుపెట్టేవి కావు. ఆ ఒరుగుడును చూడనిచ్చింది ఇంట్లోవాళ్ళనే.

ఆయన పోయిన రోజు శిష్యులు వచ్చారు. పాలకేంద్రం కుర్రాడికి ఇప్పుడు మనవలున్నారు. అతను తన నల్ల బెల్టు తెచ్చి, ఆయన మీద పెడతానని నన్ను అడిగాడు. వద్దన్నాను. దాన్ని వద్దనుకున్నది ఆయన. ఆయన కాదన్నదాన్ని, కాదనలేని రోజున ఇవ్వడం నాకు సరిగా తోచలేదు. గోధుమరంగు బెల్టే ఉంచాం. శిష్యులు వరసగా నిలబడి గుద్దు స్థానంలోకి దిగి, వంగి నమస్కరించారు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు. ఎవరి నడుమూ పక్కకు పోలేదు. నేను చూశాను.

తరగతి ఇప్పటికీ ఉంది. బడి ఆవరణ నుంచి ఒక హాలుకు మారింది. గోడకు పెద్ద అద్దాలున్నాయి. మాస్టరు పిల్లల ముందు నిలబడి చేసి చూపిస్తాడు, పిల్లలు చూసి చేస్తారు. నడుముకు తువ్వాలు వేసి, వెనక నిలబడి కొసలు పట్టుకొని నేర్పడం ఇప్పుడు లేదు.